బర్కత్ కోసం పెట్టిన పేరు

గియాసుద్దీన్ భాయ్‌జాన్‌కి, సలాం.

నిన్న ఫోన్లో మీరడిగినదానికి నేను ఒప్పుకోను.

పెళ్లయి ఈ పరాయి దేశానికి, ఈ ట్రుగనీనా ఊరికి వచ్చిన కొత్తలోనే మీ క్లీనింగ్ కంపెనీకి నన్ను డైరెక్టర్‌ని చేశారు. "కొత్త కోడలి పేరు మీదుంటే బర్కత్ అమ్మా, కలిసొస్తుంది" అన్నారు. మురిసిపోయి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆఫీసు గడప కూడా తొక్కనివ్వలేదు. ఇప్పుడు దొంగ బిల్లుల మీద విచారణ వచ్చేసరికి, "అన్నీ నువ్వే చేశావని ఒప్పుకో, ఆడదానివి, వదిలేస్తారు" అంటున్నారు.

లాయర్‌ని కలిశాను. చట్టం లెక్కలో కంపెనీ ఒక వేరే మనిషట. కానీ దాని తరఫున జవాబు చెప్పాల్సింది డైరెక్టరేనట, నాకేం తెలియదంటే కుదరదట. భయమేసింది. అయితే కంపెనీ కాగితాలన్నీ చూసే హక్కు కూడా డైరెక్టర్‌కి ఉందని ఆవిడే చెప్పింది.

అందుకే ఈరోజు ఆఫీసుకి వచ్చాను. రిసెప్షన్‌లో అమ్మాయి "సారీ, మీరెవరు?" అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. లేచి నిలబడి మీ గది తలుపు తీసింది. బిల్లుల ఫైళ్లన్నీ తీసి చదివాను.

రేపు విచారణలో చూసింది చూసినట్టు చెప్తాను. ఆ బిల్లులు ఎవరు రాయించారో కూడా చెప్తాను.

మీరొచ్చేసరికి ఈ ఉత్తరం మీ టేబుల్ మీద ఉంటుంది. మీ కుర్చీలో కూర్చునే రాశాను.

మీ మరదలు,
కంపెనీ డైరెక్టర్