ఫోటో తీయని రోజు

అల్ ఖోబర్

శ్రీ అచ్యుతరామయ్య గారి సముఖమునకు,
ఇన్‌క్లూజన్ (అందరినీ కలుపుకొనిపోవు) ఆఫీసర్,
సముద్రపు ఒడ్డు కార్నిష్ రోడ్డు వెనక వీధిలోని కిండర్‌గార్టెన్.

అయ్యా,

విషయం: తమ గేటు మీది ఫోటోలో ముందు వరుసన నవ్వుతున్న మా అమ్మాయి చి. స్వర్ణను, ఫోటో తీయని రోజున ఒక్కసారి తరగతిలో కూర్చోనివ్వవలసిందిగా కోరుతూ.

నిర్మల్ జిల్లా వాస్తవ్యుడను, తమ బడిలో ఏసీలు బాగుచేయు కాంట్రాక్టు కంపెనీ మనిషిని అయిన హన్మాండ్లు అను నేను సవినయంగా మనవి చేసుకొనునదేమనగా, తాము తెలుగువారు కనుక ఈ అర్జీ తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో రాయిస్తే మా సూపర్‌వైజర్ చదువుతాడు. చదివితే నా పని ఊడుతుంది.

1. మనలాంటి పరదేశీయుల కుటుంబాల మీద ఇక్కడి సర్కారు లెవీ పన్ను వేసి, తలకింత అని ఏటేటా పెరుగుతూ పోయేసరికి, జనం పెట్టెలు సర్దుకుని సొంత దేశాలకు పోయిన సంగతి, తమ బడి తరగతులు సగం ఖాళీ అయిన సంగతి తమకు తెలిసినవే. మిగిలినవాళ్లు లెబనాన్, సిరియా వైపు తెల్లటి పిల్లలు. తమ గేటు మీదేమో "ఏ రంగు బిడ్డయినా మా బిడ్డే" అని రాసి ఉంది. జాతి భేదం, రంగు భేదం లేని బడి అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు చూడవస్తున్నారనగా, నల్లటి బిడ్డ ఒకరు అత్యవసరంగా కావలసి వచ్చింది. ఆ సమయాన నేను నిచ్చెన మీద ఉండి ఫిల్టరు కడుగుతున్నాను. తాము కిందినుంచి "హన్మాండ్లూ, మీ పాప ఏ రంగయ్యా?" అని అడిగారు. "నా రంగే సార్" అన్నాను. "అయితే రేపు తీసుకురా" అన్నారు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు చేతికొచ్చిన నాడు కూడా నేను అంత సంబరపడలేదు.

2. మరునాడు సదరు బాలికకు తమవారు యూనిఫాం తొడిగి, ముందు వరుసలో కూర్చోబెట్టి, ఫోటో తీశారు. చూడవచ్చినవాళ్లు కారెక్కగానే యూనిఫాం విప్పించి, సొంత గౌను తొడిగించి గేటు దగ్గర నాకు అప్పజెప్పారు. నేను సంతకం పెట్టి తీసుకున్నాను. యూనిఫాం విప్పింది ఆయా మహబూబ్బీ, మా దిక్కు మనిషే. "నేనేం జేద్దునన్నా, ఉతికి లోపల వెట్టుమన్నరు" అని కండ్లు తుడుచుకుంది. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ పిమ్మట తమ బడిని చూడటానికి ఎవరు వచ్చినా ఇదే పద్ధతి అమలులో ఉన్నది.

3. ఈ కారణంగా మా అమ్మాయి తాను ఆ బడిలోనే చదువుతున్నానని నమ్ముతోంది. మిగతా రోజులన్నీ సెలవులని అనుకుంటోంది. "అమ్మా, ఇయ్యాల గూడ సెలవేనా? మా టీచర్‌కు జరమొచ్చిందా?" అని నిద్ర లేవగానే అడుగుతుంది. నా భార్య సునీత జవాబు కోసం నా మొహం చూస్తుంది. నేను పనిముట్ల సంచి పట్టుకుని డ్యూటీకి పోతాను. ఇంట్లో ఇది ఒక్కతే బడి ఆట ఆడుతుంది. నల్లబొమ్మను అన్నిటికంటే ముందు కూర్చోబెట్టి, పాడైన మొబైల్‌తో ఫోటో తీస్తుంది. తీయగానే బొమ్మ గౌను విప్పి తలుపు బయట పెట్టి, "ఇగ నువ్ పో, బడి అయిపోయింది" అంటుంది. అయ్యా, తమ బడిలో మా బిడ్డకు అబ్బిన చదువు ఇదే.

4. అడ్మిషన్ కోసం నేను తమను అడగగా తాము సెలవిచ్చినది: "చూడవయ్యా, ఫోటో మా కమిట్‌మెంట్. అడ్మిషన్ వేరు. రెండూ కలిపేస్తే ఎలా? మిగతా పేరెంట్స్ ఒప్పుకోవద్దూ?" ఎందుకు ఒప్పుకోరని అడిగితే, "నువ్వు మంచివాడివేలే, అది కాదు సంగతి" అన్నారు. ఏది సంగతో చెప్పలేదు. గోడ మీదికి పనికొచ్చిన బిడ్డ బెంచీ మీదికి ఎందుకు పనికిరాదో నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఆ కోపం తమ మీద చూపితే ఉద్యోగం పోతుంది కనుక, ఇంటికి పోయి బిడ్డ మీద చూపాను. "నువ్వు నల్లగున్నవనే ఫోటోకు పిలుస్తున్నరే, సదువుకు గాదు!" అని అరిచాను. అది ఏడ్చినా బాగుండేది. "గందుకేనా బాపూ, నన్ను ముందట కూసోవెడ్తున్నరు!" అని చప్పట్లు కొట్టింది.

5. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసి కంపెనీలకు రంగులు వేసే నితాకత్‌లో మా కంపెనీ ఎరుపులోకి పడింది. అక్కడా రంగే. నా ఇకామా కొత్తదవుతుందో లేదో ఎవరూ చెప్పరు. లెవీ కట్టే తాకత్ లేక భార్యకు, బిడ్డకు దేశం విడిచిపోయే ఖురూజ్ ముద్ర కొట్టించాను. వాళ్లు ఇక ఈ దేశం తిరిగి రారు. వచ్చే వారమే విమానం. కనుక నేను అడ్మిషన్ అడుగుతున్నానని తాము భయపడవలసిన పని లేదు.

కావున తమరు దయతలచి, ఎవరూ చూడటానికి రాని మామూలు రోజు ఒకటి చూసి, మా అమ్మాయిని పొద్దున గంట కొట్టింది మొదలు బడి విడిచేదాకా తరగతిలో ఉండనివ్వాలి. ఆఖరి బెంచీ అయినా అభ్యంతరం లేదు. టీచర్ ఒక ప్రశ్న అడిగితే సంతోషం. తప్పు చెప్పినందుకు తిడితే మరీ సంతోషం, తిట్లు పడితేనే బడికి పోయినట్టని నా లెక్క. ఊళ్లో ఎవరైనా "అక్కడ ఏం సదివినవే?" అని అడిగితే చెప్పుకోవడానికి దానికి ఒక్క రోజైనా ఉండాలని నా ఆశ.

ఈ మనవిని తమ పెద్ద మనసుతో చిత్తగించవలెను. అది వీలుకాకపోతే ఆఫీసు మనసుతోనైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమకును, తమ ఏసీలకును విధేయుడు,
హన్మాండ్లు

తా.క. అయ్యా, పై అర్జీని ఈ పొద్దున తమ చేతికిచ్చాను. తాము నిలబడే అంతా చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు కూడా. తమ మనసు కరిగిందని నేను దండం పెట్టబోయాను. "ఎంత టచింగ్‌గా రాశావయ్యా! తప్పకుండా కూర్చోబెడదాం. ఫోటోగ్రాఫర్‌కి చెప్తాను, నీ అర్జీతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేద్దాం. ఆ నాలుగో పాయింటొక్కటి తీసేసి మళ్లీ రాసుకురా" అని కాగితం నాకే తిరిగి ఇచ్చారు.

ఆ కాగితం మీదనే ఇది రాస్తున్నాను. వద్దని చెప్పి బిడ్డను ఇంట్లోనే ఉంచుదామని సునీత అంది. నేనే ఒప్పుకోలేదు, విమానం ఎక్కేలోగా ఇంకో రోజు మాకు దొరకదు. నాలుగో పాయింటు తీసేస్తాను. ఐదోది కూడా వద్దంటే తీసేస్తాను. ఫోటోగ్రాఫర్‌ను రానివ్వండి, ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. ఎట్లా నవ్వమంటే అట్లా నవ్వుతుంది, ఇంట్లో నేను నేర్పి తీసుకొస్తాను. ఫోటోలు అయిపోయిన తర్వాత మాత్రం దాన్ని బయటికి పంపకండి సార్. బడి విడిచేదాకా ఉండనివ్వండి.