కంబి కట్టిన వాల్వు

తిరువొత్తియూరు, 12 మే 1994, రాత్రి

ఫోర్‌మన్ రత్నం మూతి పగలగొట్టినా. వాడి పన్ను గుచ్చుకున్న చెయ్యి ఇంకా నెత్తురు కారతానే ఉంది, దాంతోనే రాస్తాండా.

గుజరాత్ ఆయిల్ బావికని మేం చేసిన ఆవిరి బాయిలర్‌కి ఈ పొద్దు టెస్ట్. సేఫ్టీ వాల్వు మాటిమాటికీ లేచి ఆవిరి వదిలేస్తా ఉంటే, దాన్ని కంబితో కట్టెయ్యమన్నాడు రత్నం. "ఆడ భూమిలో నూనె తారు మాదిరి గడ్డకట్టి ఉండాది. గట్టిగా ఆవిరి కొడితేనే కరిగి పైకొస్తాది. ప్రెషర్ చూపించకపోతే ఈ బాయిలర్ ఎవడు తీసుకుంటాడు?" అన్నాడు. మాతోనే పనిచేసే అక్క మొగుడు, మా బావ, వద్దనలేదు. ఎక్కి కట్టినాడు.

దిగేలోపల పైపు జాయింటు పేలి, ఆవిరంతా బావ మీదికి కొట్టింది. బావ చొక్కా లాగితే చర్మం కూడా దాంతోనే వచ్చేసింది. రత్నం మాత్రం మీటర్ దగ్గర నిలబడి "బర్నర్ ఆపొద్దు, ఆపొద్దు" అని అరస్తానే ఉన్నాడు. అప్పుడే గుద్దినా. నలుగురు పట్టుకోకపోతే చంపేసుంటా.

రేపు పోలీసులొస్తారేమో. అక్కకి ఇంకా మొగం చూపించలా, ఏం చెప్పేది...

ఆస్పత్రిలో బావ కళ్ళు తెరిచి, రాని గొంతుతో ఒకటే అడిగినాడు: "ప్రెషర్ వచ్చిందారా?"

ఆ కట్లమీదే ఒకటి గుద్దాలనిపించింది.