నీ కెమెరా నా దగ్గరుంది

సెవ్లియెవో,
సెప్టెంబరు, ఆదివారం.

చిరంజీవి నెవెనాకు అమ్మ దీవించి రాస్తున్నది. నేనూ, మీ నాన్నా బాగానే ఉన్నాం. చంకకర్రతో వరండా చివరిదాకా నడిచానని నువ్వు రాసిన ఉత్తరాన్ని మీ నాన్న ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. అందరికీ చదివి వినిపించారట. ఇంకా నాకు తిరిగి ఇవ్వలేదు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. ద్రాక్ష పందిరి ఈ ఏడు బాగా కాసింది. పిల్లి ఈనింది, పిల్లలన్నీ తల్లి రంగే. పక్కింటి లిల్యానా కూతురి పెళ్లి వచ్చే నెలకు వాయిదా పడింది.

ఇక ఫొటోల సంగతి. ఆసుపత్రికి వెళ్తూ నువ్వు కెమెరా నా చేతిలో పెట్టి, పండగలూ ఊళ్లోని గడియారస్తంభమూ వద్దు, రోజూ మనింట్లో ఉండేవే తీసి పంపమన్నావు. మనింట్లో తీయడానికేముందని అనుకున్నాను. మొదటి రీలు నిండా నా వేలే పడింది. స్టూడియో రాంగెల్ రీలు కడిగి ఇస్తూ, వేలు మాత్రం చాలా స్పష్టంగా వచ్చిందన్నాడు.

తర్వాత ఒక ఉదయం గిన్నెలు కడుగుతుంటే, కిటికీ గట్టు మీది చెర్రీ సీసాల్లోంచి ఎండ వచ్చి గోడంతా ఎర్రబడింది. ఆ గట్టు నేను రోజూ తుడిచేదే. ఆ ఎరుపూ రోజూ పడుతూనే ఉండి ఉంటుంది. చేతులైనా తుడుచుకోకుండా కెమెరా కోసం పరుగెత్తాను. నువ్వు మంచం పక్కన అంటించుకున్నది అదే. అప్పటినుంచి నాకు పని తగ్గి చూడటం ఎక్కువైంది. తీగ మీద ఆరేసిన మీ నాన్న చొక్కాలను ఫొటో తీస్తుంటే లిల్యానా గోడ మీంచి చూసి, "ఉతికినట్టు సాక్ష్యం కావాలా వదినా?" అంది. అంటే అంది గానీ, మర్నాడు తన తీగ మీద పెళ్లికని దాచిన కొత్త దుప్పట్లు ఆరేసింది.

నాయనమ్మ ఈమధ్య ఫొటోల్లో ఎందుకు లేదని అడుగుతున్నావు. ఇన్నాళ్లూ ఆ ప్రశ్న దాటేస్తూ వచ్చాను. తుంటి కుట్లు మానేదాకా నీకు చెప్పవద్దని డాక్టరు గట్టిగా అన్నాడు. ఇప్పుడు నడుస్తున్నావు. కూర్చుని చదువు తల్లీ. నాయనమ్మ ఆగస్టులో పోయింది. నిద్రలోనే, బాధ తెలియకుండా. ఆనవాయితీ ప్రకారం ఆమె పేరున గోధుమలు ఉడికించి వీధంతా పంచాం. ఆమె కుర్చీని మీ నాన్న పందిరి కిందే ఉంచారు. నేనూ తీయమనలేదు.

అంతకు కొద్దిరోజుల ముందు, పెరట్లో మిరపకాయలు కాల్చి తొక్కలు తీస్తున్న ఆమె చేతులు ఫొటో తీశాను. రాంగెల్ ఇచ్చాక తెచ్చి చూపిస్తే, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరి చేతులే ఇవి?"

"మీవే అత్తయ్యా."

"మా అమ్మవనుకున్నాను," అంది. "ఇంత బాగుంటాయని ఇన్నేళ్లలో ఒక్కరూ చెప్పలేదేం?" అని నన్నే దబాయించింది. అంతటితో ఊరుకోలేదు. "అందర్నీ తీస్తావు సరే, నిన్ను తీసేదెవరు? ఇలా ఇయ్యి."

కెమెరా తలకిందులుగా పట్టుకుంది. సరిచేయబోతే, "నాకు నేర్పకు. ఈ ఇంట్లో పొయ్యి వెలిగించడం నీకు నేర్పింది నేను," అంది. ఒక కన్ను మూయబోయి రెండూ మూసేసి, రెండు బొటనవేళ్లతో నొక్కింది.

ఆ రీలు కడిగించే ధైర్యం లేక కెమెరాలోంచి తీసి దాచేశాను. నిన్న వెళ్లి కడిగించి తెచ్చాను. కవరులో పెడుతున్నాను, చూడు. ఒక పక్కకు ఒరిగింది, నా నెత్తి సగం తెగింది, వెనకున్న బకెట్టు మాత్రం బాగా వచ్చింది. అందులో నాయనమ్మ లేదు. కానీ నేనలా పడీపడీ నవ్వుతున్నది ఆమెను చూసే.

ఇట్లు,
మీ అమ్మ
స్తెఫ్కా