మన ఊరికి కొత్త ఫైరింజను

ఏమండీ,

రామచంద్రపురానికి కొత్త ఫైరింజను వచ్చిందండి. మీరు పోయాక ఇన్నాళ్ళకి నిధులు మంజూరయ్యాయి. కమ్యూనిటీ హాలుకి కూడా రేకులు తీసేసి శ్లాబు వేశారు. ఇక వానాకాలం పెళ్ళిళ్ళకి భయం లేదు.

మీరు నడిపిన పాత బండి ఇంకా నా కళ్ళముందే ఉంది. ఎండాకాలంలో పాకలు అంటుకున్నాయని కబురొస్తే, మీరు స్టీరింగు పట్టుకుని "తొయ్యండర్రా, తొయ్యండి!" అని అరిచేవారు. బజారులో వాళ్ళంతా వచ్చి తోసేవారు. ఒకసారి అది స్టార్టయ్యేలోపే వీధి వీధంతా కాలిపోయింది. ఆ రోజు మీరు అన్నం ముట్టలేదు. "మంచి బండి ఉంటే నాలుగిళ్ళయినా దక్కేవి" అన్నారు.

ఈ ఉదయం కొత్త బండికి పూజ చేస్తూ నన్ను కూడా పిలిచారు. మీ దగ్గర పని నేర్చుకున్న సత్తిబాబే ఇప్పుడు డ్రైవరు. అతను తాళం తిప్పగానే బండి స్టార్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎక్కండమ్మగారూ, ఊళ్ళో ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాను" అన్నాడు.

డ్యూటీ బండిలో పెళ్ళామేంటని మీరెప్పుడూ నన్ను ఎక్కించుకోలేదు. ఇవాళ ఎక్కాను. సీటు చాలా ఎత్తండి, మీ పాత బండిలాగే. మన వీధిలోకి తిరిగేసరికి ప్రహరీ గోడ మీంచి పెరడంతా కనిపించింది. నుయ్యి, బట్టలారేసే తీగ, నేను కూర్చుని అంట్లు తోముకునే చోటు.

అయితే ఇన్నేళ్ళూ అటు వెళ్ళినప్పుడల్లా నేను మీకు కనిపిస్తూనే ఉన్నానన్నమాట. ఒక్కసారైనా చెప్పలేదేమండీ?

మీ
సుబ్బలక్ష్మి