వాన గీత మీద పూస

గోపాల్‌పేట,
ఆదివారం పొద్దున.

చిరంజీవి అమూల్యకు నాన్న నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అమ్మ, రెండు బర్రెలు క్షేమమే. నువ్వు హైదరాబాదులో వేళకు తింటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు గదా, మళ్ళీ ఇదెందుకు అని పోస్టాయన నవ్వాడు. ఏడో తరగతి చదివినోణ్ణి, కాగితం మీద ఉంటే పదిసార్లు చదువుకుంటానని నా బిడ్డకు తెలుసు అన్నాను. మీ అమ్మ మోకాలి సంగతి అడిగావు. వనపర్తి దవాఖానలో సూది వేశారు. నొప్పి తగ్గింది, నన్ను తిట్టే ఓపిక వచ్చింది.

తెర మీద అక్షరాలు పెద్దవాళ్ళకు ఆనుతున్నాయా అని అడిగావు. ఆనుతున్నాయి తల్లీ. రైతు సంఘం గదిలో నువ్వు చేసిన తెర పెట్టిన రోజు నుంచి నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. నువ్వు దాన్ని డ్యాష్‌బోర్డు అంటావు, ఇక్కడ అందరూ అమూల్య తెర అంటున్నారు. ఊరి పేరు తాకితే ఊరు వస్తుంది. బోరు లోతు, వరి ఎకరాలు ఎవరివి వాళ్ళు పెట్టుకుంటారు. వాన గీత మీద పూసను ఇటు జరిపితే తక్కువ వాన, అటు జరిపితే ఎక్కువ వాన. కోతల దాకా నీళ్ళు సరిపోతే పచ్చ, సరిపోకపోతే ఎరుపు. కింద మూలన చిన్నగా నీ పేరు. అద్దాలు పెట్టుకుని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మనింట్లో అచ్చులో పేరు చూసుకున్నది నువ్వే మొదలు.

జనం వాడుతున్నారా అని అడిగావు. ఆషాఢంలో నేనే ఒక్కొక్కరిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. వెంకటయ్యను తీసుకుపోయిన రోజు నవ్వుకుంటూ పూసను ఆ చివరిదాకా జరిపాను. ఎర్రగా ఉన్నదంతా పచ్చబడింది.

"చూసినవా, నా బిడ్డ పెట్టిన వాన. ఏలుతో జరుపుతే పడుతది."

"అయితే మా ఇంటి మీద గూడ జర పడెయ్యి సాయన్న. నా పెండ్లాం బిందెలు మోయలేక నన్ను మోస్తున్నది తిట్లతోని."

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వి చాయ్ తాగడానికి పోయాం.

ఇప్పుడు రోజా సంగతి. పాల్ భార్య, మన పొలం పక్కన ఎకరన్నర కౌలుకు చేస్తుంది. పాల్ ఏటా పూణేకు కూలికి పోతాడు, పిల్లలు నాన్న ముఖం పండుగలకు చూడవలసిందే. ఎప్పుడూ ఆముదం వేసే మనిషి ఈసారి వరి నాటింది. వరి పండితే ఇంట్లో బియ్యం, బర్రెకు గడ్డి ఉంటాయి, మొగుడు ఊళ్ళోనే ఉంటాడని ఆమె ఆశ. పాల్‌ను పిలిపించుకుంది. నాట్ల నాడు మొగుడూ పెళ్ళామూ మడిలో ఒకరినొకరు ఎకసెక్కాలాడుకుంటుంటే నాకే ముచ్చటేసింది.

శ్రావణంలో వాన ముఖం చాటేసింది. ఆమె బోరు ఇప్పుడు పావుగంట పోసి గాలి కక్కుతోంది. వరి పొట్ట మీద ఉంది, నీళ్ళు కావలసిన సమయం. నేను నా బోరుకు పైపు తగిలించి రోజు విడిచి రోజు ఇస్తున్నాను. మన బోరు సంగతి నీకు తెలియనిదా. ఆమెవి గట్టు పక్క రెండు మడులు తడుస్తున్నాయి, మిగతాది కళ్ళ ముందే తెల్లబడుతోంది. పైపు ఆమె వరికి వేస్తే మన పల్లీలు ఎండుతాయి, పల్లీలకు వేస్తే ఆమె వరి. ఏం చేయాలో తోచక ఒడ్డు మీద కూర్చుంటాను. "పుణ్యం నీకు పెద్దయ్య, నీ పల్లీలు ఎండవెట్టుకొని నాకిస్తున్నవ్" అంటుంది రోజా. ఆ మాట నేను వినలేను బిడ్డా. ఎందుకో చెప్తాను.

ఊళ్ళో మాట నీ దాకా వచ్చిందని రాశావు. సాయన్న బిడ్డ తెర అబద్ధం చెప్పిందట, రోజాను ముంచిందట. మీ ఆఫీసులో కూడా అడిగారన్నావు. వారం రోజులుగా లెక్క ఎక్కడ తప్పిందా అని వెతుకుతున్నానని, అన్నం సయించడం లేదని రాశావు. రోజా ఏం పెట్టి చూసుకుందో తెర గుర్తుపెట్టుకోదు, అక్కడ ఎవరికైనా తెలుసా నాన్నా అని చివర్న అడిగావు.

తెలుసు. నాకు తెలుసు.

వెంకటయ్యతో చాయ్‌కి పోయిన రోజున తువ్వాలు మరిచిపోయి గదికి తిరిగి వచ్చాను. తెర ముందు రోజా ఉంది. ఊరు, బోరు లోతు, ఎకరాలు అన్నీ తనవే సరిగ్గా పెట్టుకుంది. వాన పూస మాత్రం నేను వదిలిన చోటే ఉంది, ఆ చివర. అది జరిపేదని ఆమెకు తెల్వదు. మిగతావన్నీ తెర తనను అడిగింది, వాన సంగతి మాత్రం దానికే తెలుసు అనుకుంది.

"పెద్దయ్య, పచ్చగొచ్చింది జూడు. ఎకరన్నరకు నీళ్ళు సాలుతయంట. ఇగ పాల్‌ను రమ్మని ఫోన్ జేస్త. అమూల్యక్క సల్లగుండాలె."

పూసను చూశాను. చెప్పాలని నోరు తెరిచాను కూడా. కానీ నీ పేరు పెట్టి దీవిస్తుంటే ఒళ్ళు పులకరించింది తల్లీ. ఆ పచ్చదనం నీ చేతిదన్నట్టే ఉంది. పూసను వెనక్కి జరిపి ఆమె ముఖం మీద ఎరుపు పెట్టడానికి చెయ్యి రాలేదు. మృగశిరలో బాగా కురిసింది కదా, ఆ చివరిదాకా కురిసినా కురుస్తుంది అనుకున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేశాను.

మొన్న సంఘంలో పాల్ లేచి నిలబడ్డాడు. "సదువుకున్నోళ్ళ మాట నమ్మి సెడిపోతిమి. పెద్దయ్య మంచోడు, ఆయన బిడ్డ లెక్కే తప్పింది" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నీ పేరు చూసుకుని మురిసిన నాన్నే, అందరిలో ఆ పేరుకు మచ్చ పడుతుంటే నోరు మెదపలేదు. పాల్ దసరా దాటగానే పూణే పోతానంటున్నాడు.

నీ లెక్కలో తప్పు లేదు. వెతకడం ఆపి అన్నం తిను. ఈ సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను, మీ అమ్మ పక్కనే ఉంటుంది. ఇప్పుడు నేను రోజూ పొద్దున్నే పోయి, ఎవరూ రాకముందే పూసను నడిమికి తెచ్చి వస్తున్నాను. ఎండిన మడికి అది ఏం పనికొస్తుంది? అయినా పోతున్నాను. చేతనైతే ఒక మనిషి లేచి పోగానే పూస దానంతట అదే నడిమికి వచ్చేటట్టు చెయ్యి. వాన ఎంతని పెట్టారో పైన పెద్ద అక్షరాలతో పడేటట్టు, చదువు రాని వాళ్ళకు నోటితో చెప్పేటట్టు చెయ్యి. నా వంటి తండ్రి ఊరికొకడు ఉంటాడు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటే రోజా ఇంటికి పోతాను. పాల్ కూడా ఉండే వేళ. ఏమని మొదలుపెట్టాలో తెల్వదు. రేపటి నుంచి మన పైపు ముట్టుకోనని ఆమె అంటే, ఆ రెండు మడులు కూడా పోతాయేమోనని ఒకటే భయం. అయినా నీ పేరు మీద పడ్డది దించి నా మీద వేసుకుని వస్తాను.

ఇట్లు,
నువ్వు తప్పు చేయలేదని అందరికన్నా ముందే తెలిసిన
మీ నాన్న
సాయన్న