మూత బిగించను

మంగళవారం, తిరువూరు.

పిడుగు పడ్డ రోజు నుంచి నా కంప్యూటర్‌కి నెట్ లేదు. కంప్యూటర్ షాపతను వచ్చి కొత్త నెట్‌వర్క్ కార్డు బిగించాడు. అయినా రాలేదు. "మదర్‌బోర్డు పోయింది సార్" అన్నాడు. ఎదురుగా నేనుంటే మా ఆయనతో అన్నాడు! మూడు వారాలుగా నా ఆన్‌లైన్ లెక్కల ట్యూషన్ ఆగిపోయింది. గంపలగూడెం పిల్లలిద్దరు వేరేచోట చేరిపోయారు కూడా.

పొద్దున స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాను. "మంగళవారం పూట కొత్త పని మొదలెట్టకే" అన్నారు అత్తయ్య.

"కొత్త పని కాదత్తయ్యా. మీ అబ్బాయి మూడు వారాలుగా వాయిదా వేస్తున్న పాత పనే" అన్నాను. అంత మాట అనాల్సింది కాదేమో. అనేశాను, అంతే.

కార్డు తీసి వేరే స్లాటులో పెట్టినా అదే తంతు. చివరికి సెట్టింగుల్లో దొరికింది. పిడుగుకి పోయిన పాత నెట్ పోర్టు ఇంకా ఆన్‌లోనే ఉంది. అది పనిచేయదు, కొత్త కార్డుని చేయనివ్వదు. దాన్ని ఆఫ్ చేశాను. నెట్ వచ్చేసింది.

సాయంత్రం క్లాసు పెడితే "టీచర్, కనిపిస్తున్నారు!" అని పిల్లలు ఒకటే అరుపు. ఆ ఇద్దరు మాత్రం రాలేదు. ఇక వస్తారో, రారో...

కంప్యూటర్ మూత ఆయన బిగించబోతే వద్దన్నాను. "దుమ్ము పడుతుందే" అన్నారు.

పడనీ. మదర్‌బోర్డు మార్చడానికి రేపు షాపతను వస్తానన్నాడుగా. రానీ. అతను చూస్తుండగా ఆ నాలుగు స్క్రూలూ నేనే బిగిస్తాను.