గ్లాసు మీద అడ్డంగా చెంచా

దమ్మామ్

హమీదక్కా,

మా ట్రావెల్ ఆఫీసులో టర్కీ వెళ్లేవాళ్లకు అక్కడి తిండి గురించీ మర్యాదల గురించీ చెప్పే పని ఇప్పటికీ నాదే. నిన్న చాయ్ సంగతి చెప్పాను. చాలనుకుంటే గ్లాసు మీద చెంచా అడ్డంగా పెట్టాలి, లేకుంటే పోస్తూనే ఉంటారని. చెప్పాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

మనకది తెలియకనే కదా, ఇస్తాంబుల్‌లో మనకు గది ఇచ్చిన ముసలావిడ దగ్గర పొద్దు వాలేదాకా కూర్చున్నాం! "మిగిలిస్తే తప్పు, తాగు మే" అని నన్ను గిల్లావు. మనం తాగేకొద్దీ ఆవిడ పోసింది. "ఈయమ్మకు మన మింద ఏం పగ మే!" అని నువ్వు కడుపు పట్టుకుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆవిడా మనతో నవ్వింది.

ఈ సెలవుల్లో ఆడవాళ్ల బృందాన్ని నన్నే అక్కడికి తీసుకెళ్లమంటున్నారు. నువ్వు లేకుండా ఆ వీధుల్లో తిరిగితే ఉన్న జ్ఞాపకం కూడా చెడిపోతుందేమోనని భయం. నా పిచ్చేమో.

బావగారు పోయినప్పటి నుంచి నువ్వు కడపలో ఇల్లు కదలడం లేదని మీ అమ్మాయి సల్మా ఫోన్లో ఏడ్చింది. అందుకే అడుగుతున్నాను. వెళ్తానని నేనింకా ఆఫీసులో చెప్పలేదు. గది మాత్రం ఇద్దరికని రాయించాను. నువ్వు అట్నుంచే ఇస్తాంబుల్‌కు వచ్చెయ్యి, అక్కా.

నీ చెల్లెలు